కాలు విరిగి ఆరు వారాలు ఇంట్లనే, అమ్మతోని కలిసి చూసేటి సిరీస్‌లు చెప్పుండ్రి

మల్కాజిగిరి_మనోడు
శుక్రవారం, రాత్రి 9:40

అందరికి నమస్తే. మంగళవారం నాడు వానల ఆనంద్‌బాగ్ కాడ బండి జారి పడ్డ, కుడి కాలు చీలమండ దగ్గర ఎముక విరిగింది. సిమెంట్ కట్టు ఏసిండ్రు, ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దు అన్నడు డాక్టర్. ఇంట్ల అమ్మ, నేను ఇద్దరమే. టీవీ ఒక్కటే, హాల్ల ఉంటది. పొద్దున దివాన్ మీద కూసుంటే ఇగ రాత్రి దాకా అక్కడనే.

అమ్మకు 64 ఏండ్లు. పోయినేడు రెండు కండ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది, బొమ్మ మంచిగనే కనబడ్తది గానీ కింద సన్నగ పోయే సబ్‌టైటిల్స్ చదువలేదు, సగం చదివేలోపు పోతయ్. హిందీ బజార్ల మాట్లాడేంత వస్తది. ఇంగ్లీష్ రాదు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఆమె సీరియళ్లు, ఆ టైమ్ నేను ముట్టుకోను.

నేను ఒక్కన్నే అయితే క్రైమ్ సిరీస్‌లు చూస్కుంట పోతుండె. రెండు రోజులు అట్లనే హెడ్‌ఫోన్స్ పెట్టుకొని ఫోన్ల చూసిన. నిన్న మధ్యాహ్నం తలకాయ తిప్పి చూస్తే అమ్మ పక్కన కుర్చీల ఊకనే కూసొని వాకిలి దిక్కు చూస్తున్నది. నాకోసం పక్కన కూసున్నది, నేనేమో ఫోన్ల ఉన్న. నాకు మస్తు బాధైంది. అందుకే అడుగుతున్న, ఇద్దరం కలిసి చూసేటియి, ఆమెకు అర్థమయ్యేటియి చెప్పుండ్రి. ఆరు వారాలకు సరిపోవాలె.


సీరియల్_పిచ్చోడు
శుక్రవారం, రాత్రి 10:05

బ్రో ముందు త్వరగా తగ్గాలి నీకు. ఆరు వారాలంటే చాలా టైమ్ కాబట్టి పెద్దవే మొదలుపెట్టు, బ్రేకింగ్ బ్యాడ్ అయిదు సీజన్లు 62 ఎపిసోడ్లు, అది అయ్యాక బెటర్ కాల్ సాల్ ఆరు సీజన్లు 63, నా వరకు రెండోదే ఇంకా గొప్పది కానీ మొదటిది చూడకుండా దాని బరువు తెలీదు, తర్వాత జర్మన్‌ది డార్క్ మూడు సీజన్లు కలిపి 26 ఎపిసోడ్లే, పేపర్ పెన్ను పెట్టుకుని కూర్చో ఎవరు ఎవరికి ఏమవుతారో రాసుకోవాలి, నేను మొదటిసారి రాసుకోకుండా చూసి రెండో సీజన్లో మళ్లీ వెనక్కి వెళ్లాను. ఏదైనా సరే ఒరిజినల్ ఆడియోలోనే చూడు, డబ్బింగ్‌లో చూస్తే నటుడి సగం పని పోయినట్టే.


కూకట్‌పల్లి_అక్క
శుక్రవారం, రాత్రి 10:31

తమ్ముడూ జాగ్రత్త, నొప్పి ఎలా ఉంది ఇప్పుడు? పిచ్చోడు గారూ, మీరు చెప్పినవన్నీ మంచివే కానీ ఆయన అడిగింది వాళ్లమ్మగారితో కూర్చుని చూసేవి, ఆవిడ సబ్‌టైటిల్స్ చదవలేరని రాశారు కదా.

నేను చెప్పేది ఒక్కటే, రేపు పొద్దున్నే పెట్టెయ్యండి. నైంటీస్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్. ఈటీవీ విన్‌లో ఉంది, 2024 జనవరిలో వచ్చింది, ఆరే ఎపిసోడ్లు. శివాజీ గారు లెక్కల మాస్టారు, ముగ్గురు పిల్లలు, మార్కులు, ఖర్చులు, పొద్దున్నే ఉప్మా. ఆ ఉప్మా గొడవ వచ్చినప్పుడు మా ఇంట్లో మా అత్తగారు, నేను, మా పెద్దాడు ముగ్గురం ముగ్గురు వేరే వేరే మనుషుల వైపు నిలబడ్డాం, అత్తగారు ఆ తల్లి వైపు, పెద్దాడు పిల్లల వైపు, నేనేమో చిన్నప్పుడు మా నాన్నగారు ట్యూషన్ ఫీజు కవర్లో పెట్టి ఇచ్చేది గుర్తొచ్చి ఏమీ మాట్లాడలేకపోయాను. తల్లిగా చేసిన వాసుకి గారి మొహంలో ఆ అలసట ఉంటుంది చూడండి, గట్టిగా ఒక్క మాట అనకుండా, అది మన అమ్మలందరిలో చూసిందే.

ఇంకో మాట. వెంకటేశ్ గారు ఉన్నారు కదా అని రానా నాయుడు మాత్రం హాల్లో పెట్టకండి. తిట్లు చాలా ఎక్కువ, పెద్దవాళ్లతో కూర్చుని చూసేది కాదు.


రామంతపూర్_మాస్టారు
శనివారం, ఉదయం 6:12

బాబూ, నీ పోస్టు చదివి ఉదయాన్నే రాస్తున్నాను. మీ అమ్మగారు పక్కన కూర్చున్న సంగతి రాశావే, అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

నేను ఉండే రామంతపూర్‌లోనే దూరదర్శన్ ఉంది, 1977లో హైదరాబాద్ కేంద్రం మొదలైంది. మా వీధిలో మొదట ఒక్క ఇంట్లోనే టీవీ ఉండేది. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చేటప్పుడు ఆ ఇంటి గుమ్మం బయట చెప్పులు నలభై జతలు ఉండేవి, నేనే ఒకసారి లెక్కపెట్టాను. అప్పుడు వారానికి ఒక్క భాగమే. మిగతా ఆరు రోజులు దాని గురించే మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు ఆరు గంటల్లో మొత్తం అయిపోతుంది, మాట్లాడుకునే వ్యవధి ఉండదు. అందుకని నా సలహా, ఏది చూసినా రోజుకు రెండు భాగాలు దాటకండి, మధ్యలో అమ్మగారితో దాని గురించి మాట్లాడు.

మాల్గుడి డేస్ పెట్టు. శంకర్ నాగ్ తీశాడు, 1986లో మొదలైంది, కర్ణాటకలోని ఆగుంబెలో చిత్రీకరణ. హిందీయే కానీ నెమ్మదిగా, చిన్న చిన్న మాటలతో ఉంటుంది, బజారు హిందీ చాలు. అందులో స్వామి అనే పిల్లవాడి తండ్రిగా గిరీశ్ కర్నాడ్. ఒక్కో భాగం అరగంట లోపే.

నీ కోసం విడిగా భారత్ ఏక్ ఖోజ్. నెహ్రూ పుస్తకం ఆధారంగా 53 భాగాలు, 1988లో వచ్చింది. తీసిన శ్యామ్ బెనెగల్ మన తిరుమలగిరిలో పుట్టి పెరిగినవాడు, నిజాం కాలేజీలో చదివాడు. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తంతో మొదలవుతుంది ప్రతి భాగం, అది వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. నా పదో తరగతి పిల్లలకు చరిత్ర పాఠంలో దీన్ని ఎన్నిసార్లు గుర్తుచేశానో. యూట్యూబ్‌లో దొరుకుతుంది, డబ్బులు కట్టనవసరం లేదు.


టోలిచౌకి_భాయ్
శనివారం, ఉదయం 11:20

భాయ్ సలామ్, జల్దీ ఠీక్ అయిపోవాలి నువ్వు. మీ అమ్మీకి బజార్ హిందీ వస్తది అన్నవ్ కదా, అయితే పంచాయత్ పెట్టు భాయ్, ప్రైమ్‌ల ఉంది. ఫులేరా అని ఊరు, పట్నం పిల్లోడు పంచాయతీ సెక్రటరీగ వస్తడు, నీనా గుప్తా పేరుకు ప్రధాన్, అంటే సర్పంచ్, పని మొత్తం ఆమె మొగుడు రఘుబీర్ యాదవ్ చేస్తుంటడు. మా అమ్మీ 2020 లాక్‌డౌన్ల ఫస్ట్ సీజన్ మొత్తం ఒక్క రోజుల చూసింది, రోటీ కాల్చుకుంట గ్యాస్ బంద్ చేసి వచ్చి చూసింది.

సోనీ లివ్‌ల గుల్లక్ కూడ. డబ్బులు దాచుకునే మట్టి ముంత ఉంటది కదా, ఆ ముంతే కథ చెప్తది. ఒక్కో సీజన్‌కి అయిదే ఎపిసోడ్లు. గొడవలు, కరెంట్ బిల్లు, పక్కింటామె వచ్చి కూసునుడు, అంతే. ఇంత చిన్న విషయాల మీద ఇంత మొహబ్బత్‌తోని తీసింది నేను వేరేది చూడలే.


కూకట్‌పల్లి_అక్క
శనివారం, మధ్యాహ్నం 12:02

పంచాయత్‌నే తెలుగులో శివరపల్లి అని తీశారు కదండీ, 2025 జనవరిలో ప్రైమ్‌లో వచ్చింది, రాగ్ మయూర్ సెక్రటరీ. అమ్మగారికి అదే తేలిక.


టోలిచౌకి_భాయ్
శనివారం, మధ్యాహ్నం 12:15

అక్కా రెండూ చూసిన నేను. రాగ్ మయూర్ మంచిగ చేసిండు, మన తెలంగాణ మాట ఉంది, నాకు నచ్చింది. కానీ హిందీల ఉన్న ఆ సుస్తీ, ఆ మధ్యాహ్నం పూట ఊర్ల ఏం కాకుండ కూసునే ఫీలింగ్ వేరే. అయినా అమ్మ కోసం అయితే నువ్వు చెప్పింది కరెక్ట్, ఆమెకి మాట మాట అర్థం కావాలి, సగం సగం అర్థమైతే పక్కన కూసున్నా దూరమే ఉంటది.


ఎముకల_వార్డు_సిస్టర్
శనివారం, మధ్యాహ్నం 3:48

సిరీస్‌ల సంగతి వీళ్లు చూసుకుంటారు, నేను కాలు సంగతి చెప్తాను, పద్నాలుగేళ్లుగా ఈ వార్డులోనే ఉన్నాను. గంటలు గంటలు కదలకుండా కూర్చుని చూడటం కట్టు ఉన్నవాళ్లకు మంచిది కాదు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఒక్కో ఎపిసోడ్ అయ్యాక టీవీ ఆపేసి కాలి వేళ్లు పైకి కిందకి ఆడించండి, బాగున్న కాలు పూర్తిగా కదిలించండి, నీళ్లు తాగండి. చేతికర్రలతో నాలుగడుగులు వేయొచ్చా అని మీ డాక్టర్‌ని అడగండి. కూర్చున్నప్పుడు కాలు వేలాడదీయొద్దు, వాపు వస్తుంది. దిండ్లు పెట్టి గుండె కంటే ఎత్తులో ఉంచాలి, అంటే స్టూలు మీద పెడితే చాలదు, వెనక్కి వాలి పడుకోవాలి.

వేళ్లు నీలంగా మారినా, చల్లగా అయినా, తిమ్మిరి పట్టినా, మందు వేసుకున్నా నొప్పి పెరుగుతూ పోతున్నా ఆ ఎపిసోడ్ అయ్యేదాకా ఆగొద్దు, వెంటనే హాస్పిటల్‌కు వెళ్లండి. పిక్కలో నొప్పి, ఆయాసం వచ్చినా అంతే. ఆటోప్లే తీసేయండి, దానంతట అది తర్వాత ఎపిసోడ్ మొదలైతే లేవబుద్ధి కాదు ఎవరికైనా.


మల్కాజిగిరి_మనోడు
ఆదివారం, రాత్రి 9:30

సిస్టర్, చాలా థ్యాంక్స్. ఇయ్యాల్టి దాకా స్టూల్ మీదనే పెడుతుండె, అందుకే సాయంత్రానికి వేళ్లు ఉబ్బుతున్నయ్. ఇప్పుడు మూడు మెత్తలు పెట్టిన, దివాన్ తలాపి దిక్కు మార్చినం. ఆటోప్లే తీసేసిన.

కూకట్‌పల్లి అక్కా, నైంటీస్ మొత్తం చూసినం. నిన్న మూడు, ఇయ్యాల మూడు. మా నాయిన కూడ టీచరే అక్కా, సిద్దిపేట దగ్గర ఊర్ల. పోయి తొమ్మిదేండ్లు. శివాజీ మార్కుల గురించి పిల్లగాన్ని అడిగే కాడ అమ్మ నవ్వుకుంట నా దిక్కు చూసింది, మీ బాపు గిట్లనే గదరా అన్నది. తర్వాత టీవీ ఆపి అరగంట బాపు గురించి చెప్పింది. జీతం వచ్చిన రోజు కిరాణం పద్దు పుస్తకం పట్టుకొని ఎట్ల కూసునేటోడో, నాకు సైకిల్ కొనెటందుకు ఎన్ని నెలలు పైసలు పక్కకు పెట్టిండో. అదంత నాకు తెల్వదు అక్కా. ముప్పై ఒక్క ఏండ్లొచ్చినయ్ నాకు, సైకిల్ సంగతి ఇయ్యాల తెలిసింది.

ఇసొంటివి ఇంకా చెప్పుండ్రి.


సీరియల్_పిచ్చోడు
ఆదివారం, రాత్రి 10:12

బ్రో ముందు సారీ, నీ పోస్ట్ సరిగ్గా చదవకుండా లిస్ట్ పెట్టేశాను. నీ సైకిల్ సంగతి చదివి నాకు ఏం రాయాలో కూడా తెలీలేదు.

తెలుగువే చెప్తాను. లూజర్, జీ ఫైవ్‌లో, 2020. ముగ్గురు ఆటగాళ్లు, ఒకళ్లది క్రికెట్, ఒకళ్లది బ్యాడ్మింటన్, ఒకళ్లది రైఫిల్ షూటింగ్, వేరే వేరే కాలాలు, ముగ్గురినీ ఇల్లు, డబ్బు, పేరు వెనక్కి లాగుతుంటాయి, ప్రియదర్శి షూటర్, అతని తండ్రీకొడుకుల సీన్లు నేను ఆపి ఆపి చూశాను. ధూత కూడా ఉంది, నాగచైతన్య, విక్రమ్ కుమార్ తీశారు, పాత పేపర్ ముక్కల్లో ఏం రాసుంటే అది జరుగుతుంటుంది, ఎనిమిది ఎపిసోడ్లు, మొత్తం వాన, మీ ఇంటి బయట కూడా వానే కాబట్టి రాత్రి లైట్ తీసి చూడు కానీ అమ్మగారికి కొంచెం భయంగా ఉండొచ్చు.

డబ్బింగ్ గురించి మాత్రం నా మాట మీదే ఉంటాను. మనిషి గొంతు వేరే వాళ్లది పెడితే ఆ నటన పూర్తిగా అందదు.


కృష్ణానగర్_గొంతు
సోమవారం, మధ్యాహ్నం 1:15

నేను పదకొండేళ్లుగా డబ్బింగ్ చెప్తున్నాను. సినిమాలు, సీరియళ్లు, ఇప్పుడు ఎక్కువగా ఓటీటీ సిరీస్‌లు. పిచ్చోడు గారు చెప్పిన దాంట్లో నిజం ఉంది, అసలు గొంతుకు ఏదీ సమానం కాదు. కానీ మల్కాజిగిరి తమ్ముడి అమ్మగారి లాంటి వాళ్లకు మా గొంతు లేకపోతే ఆ కథే లేదు. నేను మైకు ముందు నిలబడ్డప్పుడు మా ఊళ్లో మా మేనత్తను తలుచుకుంటాను, ఆవిడకు అర్థం కావాలి అని.

మా పని ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను, డబ్బింగ్‌లో ఏది మంచిదో ఏది కాదో మీరే పట్టుకోవచ్చు. ఇదివరకు సినిమాకు ఒకే మైకు చుట్టూ అందరూ నిలబడి చెప్పేవారట, మా సీనియర్లు చెప్తారు. ఇప్పుడు ఒక్కొక్కళ్లం విడిగా వెళ్లి చెప్పి వస్తాం, ఎదుటి మనిషి గొంతు చాలాసార్లు ఒరిజినల్ భాషలోనే చెవిలో వినిపిస్తుంది. తెర మీద పెదాలు దగ్గరగా చూపిస్తుంటే ప, బ, మ ఎక్కడ వస్తున్నాయో చూడాలి, ఎందుకంటే ఆ అక్షరాలకు పెదాలు మూసుకుంటాయి, అక్కడ మనం కూడా అలాంటి అక్షరం ఉన్న మాటే పెట్టాలి. మనిషి వెనక్కి తిరిగి ఉంటే రాసేవాళ్లకు స్వేచ్ఛ, చక్కటి తెలుగు వాక్యం పెట్టొచ్చు. అందుకే ఒకే సీన్లో ఒక మాట అందంగా, పక్క మాట ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. ఏడుపు, దగ్గు, అన్నం నములుతూ మాట్లాడటం, అన్నీ మేమే చెయ్యాలి.

ఇంగ్లీష్ సిరీస్‌లకు పెద్ద కష్టం రెండు. వాళ్లకు ఎదుటి మనిషి ఎవరైనా ఒకే పిలుపు. మనకు నువ్వా, మీరా? పోలీసు దొంగను ఏమంటాడు, భార్య భర్తను ఏమంటుంది, కూతురు సవతి తండ్రిని ఏమంటుంది, ఇదంతా మొదటి ఎపిసోడ్‌లోనే తేల్చుకోవాలి, అక్కడ తప్పు పడితే చివరిదాకా మన వెంటే వస్తుంది. రెండోది, వాళ్ల వాక్యంలో క్రియ మధ్యలోనే వచ్చేస్తుంది. నేనే చంపాను వాణ్ణి, ఆ దుకాణంలో, ఆ రాత్రి, ఇలా. మనకు చంపాను అనేది చివర్న వస్తుంది. వింటున్న మనిషి మొహంలో షాక్ ముందే వచ్చేస్తుంది, మన మాట వెనకపడుతుంది.

కొరియన్ సిరీస్‌లలో ఈ రెండు బాధలూ చాలావరకు ఉండవు. వాళ్ల వాక్యం కూడా మనలాగే, క్రియ చివర్నే. పెద్దవాళ్లతో ఒక మాట తీరు, సావాసగాళ్లతో ఇంకో తీరు, క్రియ చివర మారుతుంది, సరిగ్గా మన చేశావు, చేశారు లాగా. వదిన, అక్క, అన్న అని వరసలు పెట్టి పిలుచుకుంటారు. మొదటిసారి కొరియన్ సీన్ చెప్పినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి, మాట ఇంత తేలిగ్గా నోట్లో కూర్చుంటుందా అని. కాబట్టి తమ్ముడూ, విదేశీవి పెట్టాలనుకుంటే అటు చూడు, మొదలుపెట్టే ముందు ఆడియో దగ్గర తెలుగు ఉందో లేదో చూసుకో. స్క్విడ్ గేమ్‌కు తెలుగు ఉంది కానీ రక్తం ఎక్కువ, అమ్మకు వద్దు.

ఇంకా సులువుగా కుదిరేవి తమిళం, మలయాళం. సుడల్ పెట్టు, ప్రైమ్‌లో తెలుగు ఆడియో ఉంది, 2022లో వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు. అమ్మవారి జాతర జరుగుతుండగా ఊళ్లో ఒక అమ్మాయి కనపడకుండా పోతుంది. కేరళ క్రైమ్ ఫైల్స్ కూడా మంచిది, ఆరు ఎపిసోడ్లే, హడావిడి లేని పోలీసు కథ.


సీరియల్_పిచ్చోడు
సోమవారం, మధ్యాహ్నం 2:40

అక్కా మీరు రాసింది రెండుసార్లు చదివాను. నువ్వు, మీరు సంగతి, క్రియ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. నేను ఇంగ్లీష్ చదవగలను కాబట్టి ఒరిజినల్ అంటున్నాను, మా నానమ్మకు ఆ దారి లేదు. ఈ ఆదివారం ఆవిడకు సుడల్ పెడతాను, పక్కన నేను కూడా తెలుగులోనే చూస్తాను.


నైట్‌షిఫ్ట్_నాగోల్
మంగళవారం, తెల్లవారుజామున 4:20

షిఫ్ట్ అయ్యి ఇప్పుడే వచ్చాను. కొరియన్ మాట వచ్చింది కాబట్టి, రిప్లై 1988. సియోల్‌లో ఒక సందు, అయిదు కుటుంబాలు, 20 ఎపిసోడ్లు, ఒక్కోటి గంట దాటుతుంది. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక ఇంట్లో వండింది ఇంకో ఇంటికి, ఆ ఇంటిది వేరే ఇంటికి, గిన్నెలు సందంతా తిరుగుతుంటాయి, చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందు సరిగ్గా అదే. నాన్నకు కీమో జరుగుతున్న రోజుల్లో నేను చూశాను, సబ్‌టైటిల్స్ నేను చదివి తెలుగులో పైకి చెప్పేదాన్ని, ఆయన కళ్లు మూసుకుని వినేవారు. ఒక్కో ఎపిసోడ్ రెండు గంటలు పట్టేది. మధ్యలో ఆపి ఆ తండ్రి ఏమన్నాడమ్మా మళ్లీ చెప్పు అనేవారు. తమ్ముడూ నీకు ఓపిక ఉంటే అలా కూడా చెయ్యొచ్చు, అమ్మకు నీ గొంతులో కథ వినిపించు.


మౌలాలి_మామ
బుధవారం, రాత్రి 8:55

పక్క ఏరియానే మనది, ఏదన్న సామాన్ తెచ్చియ్యాల్నంటే చెప్పు తమ్మీ.

అమ్మ నిద్రపోయినంక నీ ఒక్కని కోసం చెర్నోబిల్ చూడు, సోవియట్ యూనియన్‌ల అణు విద్యుత్ కేంద్రం పేలిన కథ. 2019ల వచ్చింది, అయిదే ఎపిసోడ్లు. మా నాయిన ఈడనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌ల పని చేసి రిటైర్ అయిండు, ఈ రియాక్టర్లకు ఇంధనం తయారు చేసే కాడ. ఆయనతోని కలిసి చూసిన నేను. ఇరవై నిమిషాలకొకసారి ఆపమనేటోడు, ఆపి చెప్పేటోడు. 1986 ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటినంక ఏమైందో చివరి ఎపిసోడ్‌ల కోర్టుల ఎర్ర బిళ్లలు నీలం బిళ్లలు పెట్టి చెప్తడు లెగాసోవ్ అనే సైంటిస్ట్. రియాక్షన్ పెంచేటియి ఒక దిక్కు, తగ్గించేటియి ఒక దిక్కు. ఆపేటందుకు దింపిన రాడ్ల కొసలకు గ్రాఫైట్ ఉండుడుతోని ముందు ఇంకింత పెరిగింది. సైన్స్ చదువుకోనోనికి సుత అర్థమైతది. మా నాయిన ఆ సీన్ అయినంక లేసి నిలబడ్డడు, ఏం మాట్లాడలే.

ఒక్కటి తెలుసుకొని చూడు, ఆ సైంటిస్ట్ ఆడామె ఖోమ్యుక్ నిజం మనిషి కాదు, చాలామంది సైంటిస్టులను కలిపి ఒక పాత్ర చేసిండ్రు. అసలు లెగాసోవ్ ఆ కోర్టుకు పోనే లేదు. కథ కోసం మార్చిండ్రు. మిగిలిన దాంట్ల ఆ మంటలార్పే పిల్లగాడు, ఆయన భార్య, ఆ కథ నిజం. మూడో ఎపిసోడ్ మనసు గట్టిగ చేసుకొని చూడు.


మల్కాజిగిరి_మనోడు
ఆదివారం, రాత్రి 9:45

రెండో వారం అయింది. మామా నిన్న చెర్నోబిల్ రెండు చూసిన, పండుకున్నంక సుత అదే యాదికొస్తున్నది, మిగిలినయి పొద్దటి పూట చూస్త.

గొంతు అక్కా, సుడల్ అమ్మకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ జాతరల వేషాలు, అమ్మవారి ముందర ఊగుడు చూసి, ఇది మన ఎల్లమ్మ పండుగ లెక్కనే ఉన్నది, బోనాల నాడు పోతరాజు గిట్లనే వస్తడు అని మొదలువెట్టింది. నాలుగో ఎపిసోడ్ నుంచి నాకంటే ముందే ఒక్కొక్కని మీద అనుమానం చెప్తున్నది. పోలీసాయన ఒకటి దాచుతున్నడు అన్నది, ఎట్ల తెలిసింది అమ్మా అంటే, మొఖం చూడు, అన్నం తినేటప్పుడు సుత కండ్లు పైకెత్తడు అన్నది. నేను చూడనే లేదు అది. సబ్‌టైటిల్స్ చదువుడు లేకపోతే మొఖం చూసెటందుకు టైమ్ ఉంటదని అప్పుడు సమజైంది నాకు. పిచ్చోడు బ్రో, నీ నానమ్మ ఏమన్నది?


సీరియల్_పిచ్చోడు
ఆదివారం, రాత్రి 10:20

నానమ్మ మొదటి రోజే అయిదు ఎపిసోడ్లు చూసేసింది బ్రో, మందులు వేసుకోవే అంటే ఆగరా అంది. ఇంకో విషయం నాకు తెలిసింది, నాకు ఇన్నాళ్లూ సిరీస్ అంటే ఎంత పెద్దది ఎంత కష్టమైనది అయితే అంత గొప్ప అనిపించేది, ఇప్పుడు ఎవరి పక్కన కూర్చుని చూస్తున్నానో అది కూడా చూసుకుంటున్నాను.


కూకట్‌పల్లి_అక్క
సోమవారం, ఉదయం 10:10

పెద్దవాళ్లు పాతవి కూడా ఇష్టపడతారు తమ్ముడూ. మంజులా నాయుడు గారి ఋతురాగాలు, చక్రవాకం, మొగలిరేకులు, ఇవన్నీ మా ఇంట్లో పండగల్లా చూశాం. కానీ వందల ఎపిసోడ్లు, ఆరు వారాల్లో తెమలవు. అమృతం అయితే ఎక్కడ మొదలుపెట్టినా పర్లేదు, ఏ భాగానికి ఆ భాగమే. 2001లో జెమినీలో మొదలైంది, గంగరాజు గుణ్ణం గారిది. అమృతం పాత్రకు శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్ మారారు కానీ ఆంజనేయులు మాత్రం మొదటి నుంచీ గుండు హనుమంతరావు గారే, ఆయన 2018లో పోయినప్పుడు మా ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది. హోటలు, ఇంటి ఓనరు అప్పాజీ, సర్వర్ సర్వం. ఎంత అమాయకంగా నవ్వించారో. యూట్యూబ్‌లోనే ఉంది మొత్తం.


మల్కాజిగిరి_మనోడు
శుక్రవారం, సాయంత్రం 6:30

అయిదో వారం. ఇయ్యాల ఎక్స్‌రే తీసిండ్రు, ఎముక మంచిగ అతుకుతున్నదట. వచ్చే గురువారం కట్టు ఇప్పుతరు, తర్వాత ఫిజియోథెరపీ.

శివరపల్లి అయిపోయింది, మాల్గుడి డేస్ రోజుకొకటి చూస్తున్నం మాస్టారూ, మీరు చెప్పినట్టు మధ్యల ఆపి మాట్లాడుకుంటున్నం. హిందీ నెమ్మదిగనే ఉన్నది, అమ్మకు ఒకటి రెండు మాటలే నన్ను అడుగుతది. నాగోల్ అక్కా, రిప్లై 1988 నేను చదివి చెప్తున్న, మూడు ఎపిసోడ్లు అయినయ్. గొంతు ఎండిపోతున్నది గానీ అమ్మ మంచినీళ్ల చెంబు పక్కన పెట్టుకొని రెడీగ కూసుంటున్నది.

ఒక సంగతి చెప్పాలె. సిద్దిపేటల మా చిన్నమ్మ ఉంటది, అమ్మ చెల్లె, ఆమె సుత ఒక్కతే. అమ్మ రోజు ఫోన్ల ఆమెకు నైంటీస్ కథ మొత్తం చెప్పింది. చిన్నమ్మ నాకు సుత కావాలె అన్నది. వాళ్ల పక్కింటి పిల్లతోని ఆమె ఫోన్ల ఈటీవీ విన్ పెట్టిచ్చిన. ఇప్పుడు రోజు మధ్యాహ్నం మూడింటికి అమ్మ చిన్నమ్మకు ఫోన్ చేస్తది, స్పీకర్ ఆన్ చేసి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి ఇద్దరు ఒకటేసారి నొక్కుతరు. ఒకలది రెండు సెకండ్లు ముందు పోతది, అక్కడ నవ్వినంక ఇక్కడ నవ్వుతరు. నైంటీస్ ఇద్దరు రెండోసారి చూసుడు అయిపోయింది నిన్న.

నేను వచ్చే నెల ఆఫీస్‌కు పోవుడు మొదలైతది. వాళ్లిద్దరు మూడింటికి చూస్కునెటందుకు చెప్పుండ్రి, తెలుగులనే ఉండాలె, అరగంట దాటొద్దు, చిన్నమ్మ ఫోన్ల డాటా రోజుకు ఒకటిన్నర జీబీనే.


టోలిచౌకి_భాయ్
శుక్రవారం, సాయంత్రం 6:52

అమృతం పెట్టు భాయ్. ఒక్కొక్కటి చిన్నగనే ఉంటది, వీడియో క్వాలిటీ 360కి తగ్గిస్తే డాటా కూడ ఆగుతది. పక్కింటి పిల్ల నంబర్ నాకు మెసేజ్ పెట్టు, చిన్నమ్మ ఫోన్ల ఆ సెట్టింగ్ ఎట్ల చేయాల్నో ఆమెకు ఫోన్‌ల నేను చెప్తా.